ఫియట్‌కి ముప్పై వేల చూపులు

పొద్దున తొమ్మిదిన్నరకి సుభానీ బాబాయ్ ఫియట్, పాత కార్ల ప్రదర్శన మైదానం గేటు దాటి లోపలికి వచ్చేసరికే దాని కోటా అయిపోయింది. ఆ రోజు కోటా ఒక్కటే కాదు, రాబోయే మూడొందల రోజుల కోటా కూడా.

పాపం ఆ సంగతి ప్రవల్లికకి తెలీదు. మెళ్ళో కెమెరా, దాని పక్కనే ప్రదర్శన పెట్టిన మండలి వాళ్ళిచ్చిన పచ్చ పాసు, జీన్స్ మోకాళ్ళకి అప్పుడే అంటుకున్న మట్టి, గేటు లోపల నిలబడి మునివేళ్ళ మీద లేచి లేచి చూస్తోంది. బీకాం ఫైనలియర్. కాలేజీలో అటెండెన్స్ అరవై శాతం, కార్ షోల్లో నూటికి నూరు. విజయవాడ చుట్టుపక్కల ఎక్కడైనా నాలుగు పాత కార్లు, రెండు వేషం మార్చిన కార్లు వరసగా నిలబెట్టారంటే చాలు, అక్కడ ప్రత్యక్షమైపోతుంది. అందరూ నిలబడి తీస్తే ఈ పిల్ల నేల మీద బోర్లా పడుకుని తీస్తుంది, బంపర్లో ఆకాశం పడాలంట. హెడ్‌లైటు ముందు గొంతుక్కూర్చుని “కొంచెం అటు తిరుగు నాన్నా” అని కారుతో మాట్లాడుతుంది కూడా. కారు తిరగదు, ఈమే తిరుగుతుంది.

ఇవాళ మాత్రం సరదాకి రాలేదు.

సుభానీ బాబాయ్ అంటే ఆటోనగర్లో మెకానిక్. ప్రవల్లిక వాళ్ళ నాన్న స్కూటర్‌ని ఇరవై ఏళ్ళుగా బతికిస్తున్నది ఆయనే. పదకొండేళ్ళ కిందట ఆయనకి ఓ తుక్కు కొట్టు వెనకాల 1958 నాటి ఫియట్ ఒకటి కనబడింది, అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. కోళ్ళని బతిమాలి దింపి, కారుని షెడ్డుకి తెచ్చుకున్నాడు. దొరకని సామాను తనే చేసుకున్నాడు. ముందు జాలీని రేకుతో చేత్తో కొట్టాడు. మూసేసిన సినిమా హాల్లోంచి బాల్కనీ కుర్చీల లెదరు తెచ్చి సీట్లకి వేశాడు. రంగు కోసం పద్నాలుగు డబ్బాలు కలిపి, పారబోసి, మళ్ళీ కలిపి చివరికి ఓ పిస్తా రంగు పట్టాడు. ముందు తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి. రెండూ ఒకేసారి తెరిస్తే ఇంటికొచ్చిన చుట్టానికి చేతులు చాచినట్టుంటుంది.

ఇప్పుడు ఊళ్ళో కొత్త రూలొచ్చింది. అరవై ఏళ్ళు దాటిన ప్రతి కారుకీ ‘నగర పురాతన, అలంకృత వాహన సమన్వయ మండలి’ వారి ధ్రువపత్రం ఉండాలి, లేకపోతే తెల్లారేసరికి లారీ వచ్చి తుక్కు యార్డుకి ఎత్తుకుపోతుంది. పత్రానికి మూడు ఫోటోలు కావాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, యజమానితో ఒకటి. మూడూ మండలి ప్రదర్శనలోనే, మండలి పాసున్న వాళ్ళే తియ్యాలి. ఫియట్ రంగు నిన్నటికి గానీ ఆరలేదు. ప్రదర్శన ఆఖరి రోజు ఇవాళే. గడువు సాయంత్రం ఐదు.

“మూడు క్లిక్కులే కదా బాబాయ్. మూడు నిమిషాలు,” అంది ప్రవల్లిక ముందు రోజు.

“ఆ మండలితోనా? నువ్వింకా చిన్నపిల్లవమ్మాయ్,” అన్నాడు సుభానీ.

ఆయన ఆ మాట ఊరికే అనలేదు. నిరుడు ప్రదర్శనలో మండలి అధ్యక్షులవారు తమ పొడుగాటి విదేశీ కారుకి పూజ చేయించి, గుమ్మడికాయ కొట్టించి, ముందంతా మూరల కొద్దీ బంతిపూల దండలు వేయించి, జెండా ఊపగానే బయల్దేరారు. పది గజాలు పోయి ఆగిపోయింది. జనం ఊరుకుంటారా, ఫోన్లు తీశారు. ఎన్ని ఫోటోలు తీశారో మండలి తర్వాత లెక్క తేల్చింది, నాలుగొందల పన్నెండు. సుభానీ అక్కడే ఉన్నాడు. బానెట్ ఎత్తి, రేడియేటర్ ఫ్యాన్‌కి చుట్టుకుపోయిన దండని లాగి అందరికీ చూపించాడు.

విచారణ సంఘం వేశారు. ఐదుగురు సభ్యులు, నాలుగు నెలలు, ఎనభయ్యారు పేజీలు. సుభానీ గురించి డెబ్బయ్యొకటో పేజీలో ఒక్క లైనుంది: “సదరు మెకానిక్ అభిప్రాయము కేవలము సాంకేతికమైనందున సంఘము పరిధిలోనికి రాదు.” మరి కారెందుకు ఆగింది? అంతమంది ఒకేసారి చూశారు కాబట్టి ఆగింది. దీన్ని ఇళ్ళల్లో అమ్మమ్మలు దిష్టి అంటారు. మండలి అనదు. మండలిలో అందరూ చదువుకున్నవాళ్ళు. వాళ్ళు దాన్ని దృశ్య భారం అంటారు, యూనిట్లలో కొలుస్తారు.

కొలిచేది కార్యదర్శి విఠలేశ్వరరావు గారు. ఏదో కొలతల ఆఫీసులో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు, ఆ తర్వాత కొలవడానికేమీ దొరక్క రెండేళ్ళు నరకం చూశారు. ఆయన తయారుచేసిన పట్టిక మైదానం నిండా బోర్డుల మీదుంది. ఫోనుతో తీస్తే ఒక యూనిట్. కెమెరాతో ఐదు. పొడుగు లెన్సైతే పన్నెండు. సెల్ఫీకి అర యూనిట్టే, ఎందుకంటే అందులో చూపు ముప్పాతిక మూడొంతులు తన మొహం మీదే ఉంటుంది. ఉత్త కళ్ళతో చూస్తే పావు, కళ్ళజోడుంటే అర. చూసి “అబ్బ!” అంటే అదనంగా రెండు. కారుకి రోజుకి వంద యూనిట్లు. దాటిందా, అది ‘అతిదృష్ట వాహనం’. దాన్నిక ఎవరూ ఫోటో తియ్యకూడదు.

ఫియట్ వచ్చి వరసలో ఆగింది. ప్రవల్లిక కెమెరా కంటికి ఆనించిందో లేదో, చెవి పక్కనే ఈల మోగింది.

“ఆపాలాపాలాపాలి!” అంటూ ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. పేరు ఆనందరావు. రిటైర్డ్ బస్సు కండక్టరు, ప్రస్తుతం ఈ వరసకి భార పరిశీలకుడు. నోట్లో ఈల, చేతిలో టిక్కు టిక్కుమని నొక్కే లెక్కల మిషను.

“ఏంటంకుల్, ఇప్పుడే కదా వచ్చింది!”

“వచ్చిందమ్మా, కాదన్లేదు. గేటు దగ్గర కాయితాలు చూడ్డానికి ఇరవై నిమిషాలు ఆపారా?”

“ఆపారు.”

“నెత్తిన సీసీ కెమెరా ఉందా?”

“ఉంది. అయితే?”

“అది సెకనుకి పాతిక బొమ్మలు తీస్తుంది తల్లీ. ఇరవై నిమిషాలకి ముప్పై వేలు. రోజుకి వంద చొప్పున మూడొందల రోజులకి సరిపోయింది. బండి ఫుల్లు, తర్వాతది చూస్కోండి.”

“ఆ కెమెరా మీదేగా!”

“మాదే. అందుకే లెక్క ఇంత కరెక్టుగా ఉంది.”

ఇంకా ఆయన మాట పూర్తవకముందే ఇద్దరు మనుషులు వచ్చి ఫియట్ మీద నెత్తి నుంచి టైర్ల దాకా బూడిద రంగు కవరు కప్పేశారు.  కవరు కింద పక్కకి వంగిపోయిన అద్దాన్ని సుభానీ చెయ్యి పెట్టి సర్దాడు.

అప్పుడు చూసింది ప్రవల్లిక చుట్టూ. మైదానంలో నూట ఎనభై రెండు కార్లు, నూట ఎనభై రెండు కవర్లు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం కవర్ల మధ్య బుద్ధిగా తిరుగుతున్నారు. పిల్లని భుజాన ఎత్తుకున్న ఒకాయన కవరంచు పట్టుకుని “ఇది ఒరిజినల్ కుట్టేనాండీ?” అని అడుగుతున్నాడు. దాని ఓనరు “ఒరిజినలే సార్, తాడు ఒక్కటే మార్పించాం,” అంటున్నాడు గర్వంగా. పక్కనొక కుర్రాడు కారుకి రెండు వైపులా మంటల బొమ్మలేయించి, వెనక రెక్క పెట్టించి ఎనిమిది నెలలు కష్టపడ్డాడు. ఇప్పుడా మంటలు కవరు మీద కూడా వేయించాడు, కవరుకి ఒక చిన్న రెక్క కుట్టించాడు. జనమంతా అక్కడే మూగారు. కవరు మీద భారం పెరిగిపోతోందని ఆనందరావు గాభరాగా పరిగెత్తుకెళ్ళి దాని మీద ఇంకో కవరు కప్పించాడు.

ప్రవల్లికకి ఒళ్ళు మండిపోయింది. “పదండి బాబాయ్,” అని సుభానీ చెయ్యి పట్టుకుని ఆఫీసు టెంటులోకి లాక్కుపోయింది.

రెండు గంటల క్యూ తర్వాత వాళ్ళ వంతు వచ్చేసరికి విఠలేశ్వరరావు గారు స్కేలుతో ఇంకో స్కేలుని కొలుస్తున్నారు. మొత్తం విని, కళ్ళు మూసుకుని తెరిచారు.

“మీ ఆవేదనను మండలి పరిగణనలోనికి తీసుకున్నది,” అన్నారు.

“అయితే తీసుకోమంటారా సార్, మూడు ఫోటోలు?”

“పరిగణనలోనికి తీసుకున్నది అన్నాను. ఫోటోలు తీసుకొమ్మని అనలేదు. అయినను నిరాశ వలదు. మండలి మానవతా దృక్పథము కలిగినది. అనుబంధము నాలుగు చూడుడు. ఉపశమన విధానము.”

సొరుగులోంచి పళ్ళెమంత నల్లటి స్టిక్కరు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది.

“ప్రామాణిక చుక్క. వ్యాసము పాతిక సెంటీమీటర్లు. ఒక్కొక్కటి ఐదొందల యూనిట్ల భారమును హరించును. మీ వాహనమునకు అరవై అవసరము. బానెట్‌కు పన్నెండు, పైకప్పుకు పదహారు, తలుపులకు నాలుగేసి, డిక్కీకి పది. మిగిలిన ఆరు అద్దముల మీద.”

“అద్దాల మీద అంటిస్తే బండెలా నడపాలి సార్?” అన్నాడు సుభానీ మొదటిసారి నోరు తెరిచి.

“నడుపుట మండలి పరిధిలోనికి రాదు.”

“పోనీ ఫోటో అయ్యాక పీకెయ్యొచ్చా?”

“పీకవచ్చును. పాతికేళ్ళ గ్యారంటీ గల గమ్ము. రంగుతో సహా వచ్చును.”

సుభానీ లేచి నిలబడ్డాడు. “పదకొండేళ్ళు పట్టింది సార్ ఆ రంగుకి. తుక్కులోకి పోతే పోనివ్వండి, పిస్తా రంగులోనే పోద్ది. నేను మాత్రం దాని మొహాన తారు పుయ్యను.”

  పన్నెండున్నర అయింది అప్పటికి.

బయట ఎండలో కవరు నీడన ఇద్దరూ కూలబడ్డారు. ప్రవల్లిక నియమావళి పుస్తకం మొత్తం రెండుసార్లు చదివింది, నూట నాలుగు పేజీలు. గేటు సీసీ కెమెరాకి అప్పీలు పెడదామంటే దానికి తొంభై రోజులు పడుతుంది. కారుని కొత్తదిగా చూపిద్దామంటే కొత్త కార్లకి ప్రదర్శనే లేదు. టైం మూడయింది. మూడున్నరయింది. పక్క వరసలో ఎవరో తన జీపుకి చుక్కలు అంటించి, ఫోటో దిగి, పీకుతున్నాడు. చర్రుమని ఎర్ర రంగు గుండ్రంగా ఊడొస్తోంది, అప్పడం లేచినట్టు. సుభానీ అటు చూడలేక మొహం తిప్పుకున్నాడు. అలా తిప్పుకున్నవాడు కాసేపటికి మెల్లిగా ఇటు తిరిగాడు.

“అమ్మాయ్. లే. ఇంకోసారి ఆయన దగ్గరికి పోదాం.”

టెంటులోకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సార్, చిన్న డౌటు. చంటిపిల్లలకి బుగ్గన చుక్క ఎందుకు పెడతారు?”

“దృష్టి మార్గమును అడ్డగించుటకు.”

“ఆ దృష్టి ఎక్కడ మొదలవుద్ది సార్?”

“చూచువాని కంటియందు.”

“మరి కంటికే పెట్టేస్తే?”

విఠలేశ్వరరావు గారి చేతిలో పెన్ను ఆగింది. నియమావళి తీశారు, అనుబంధం నాలుగు, మూడో పేరా. “చుక్కను వాహనమునకును నేత్రమునకును మధ్య నెలకొల్పవలెను” అనుంది. కారు మీదే అంటించాలని ఎక్కడా లేదు. ఆయన ప్రవల్లిక కెమెరా తీసుకుని లెన్సు కొలిచారు. ఏడు సెంటీమీటర్లు. చుక్క పాతిక. కాగితం మీద ఒకసారి లెక్క వేశారు, చెరిపేసి మళ్ళీ వేశారు. మూడోసారి వేశాక ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“శూన్యము,” అన్నారు. “ముప్పై మూడేళ్ళ సర్వీసులో నాకు కచ్చితమైన శూన్యము ఎన్నడూ రాలేదు. ముప్పై వేలకు శూన్యము కలిపిన ముప్పై వేలే. పెరగని భారమునకు అనుమతి అవసరము లేదు.”

“అంటే తీసుకోవచ్చా?” అంది ప్రవల్లిక. తను విన్నది తనకే నమ్మబుద్ధి కాలేదు. “లెన్సుకి మూత పెట్టేసి తీసినా సరిపోతుందిగా సార్?”

“ఉత్త మూత చెల్లదు. మూత ప్రామాణికము కాదు. మూత మీద చుక్క ఉండవలెను.”

అలా నాలుగుంపావుకి ఫియట్ కవరు తీశారు. ఎండ పక్కకి వాలి పిస్తా రంగు మీద పడుతోంది, చేత్తో కొట్టిన జాలీ మెరుస్తోంది, జీవితంలో ఒక్కసారి దొరికే వెలుగు. ఆ వెలుగులో ప్రవల్లిక లెన్సుకి మూత పెట్టి, మూత మీద నల్ల చుక్క అంటించి, అలవాటు పోక నేల మీద బోర్లా కూడా పడుకుని, ఏమీ కనబడని కెమెరాలో కన్ను పెట్టి, ముందు నుంచి ఒకటి నొక్కింది. లేచి దుమ్ము దులుపుకుని పక్క నుంచి ఒకటి నొక్కింది. ఇంతలో చుట్టూ చేరబోయిన మనుషుల్ని ఆనందరావు ఈలేసి తోలేశాడు.

“సున్నా! రైట్ రైట్,” అన్నాడు ఆనందరావు మిషను నొక్కకుండా.

“బాబాయ్, మీరు తలుపు పక్కన నిలబడండి. చొక్కా సర్దుకోండి. ఆ, నవ్వండి.”

“దేనికి నవ్వాలమ్మాయ్?”

“అదీ నిజమే. వద్దులెండి.”

టెంటులో ప్రింటు తీశారు. మూడు ఫోటోలు, మూడూ కటిక నలుపు. విఠలేశ్వరరావు గారు భూతద్దం పెట్టి మొదటిది చూశారు. “ముందు భాగము. స్పష్టముగా ఉన్నది.” రెండోది చూశారు. “పక్క భాగము. నాలుగు చక్రములూ నేలకు ఆనియున్నవి. సంతృప్తికరము.” మూడోది పట్టుకుని చాలాసేపు చూశారు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“ఇది తిరస్కరిస్తున్నాము.”

ప్రవల్లిక బల్ల మీదికి వంగింది. “ఎందుకు సార్?”

“యజమాని నిటారుగా లేరు.”

నాలుగు నలభై. ఇద్దరూ పరుగెత్తారు. సుభానీ నిటారుగా నిలబడ్డాడు, గుండెలు విరుచుకుని, సైనికుడిలా. ప్రవల్లిక మూత మీంచి ఇంకోటి నొక్కింది. మళ్ళీ పరుగు, మళ్ళీ ప్రింటు. మళ్ళీ భూతద్దం.

“ఇప్పుడు బాగున్నారు,” అన్నారు విఠలేశ్వరరావు గారు, టపీమని సీలు వేశారు. గడియారం నాలుగు యాభై ఏడు చూపిస్తోంది. ధ్రువపత్రం మీద సీలు సిరా ఆరే దాకా సుభానీ దాన్ని నోటితో ఊదుతూనే ఉన్నాడు. వెనకాలే బల్ల ముందు పలక దించేశారు: పత్రముల విభాగము మూసివేయబడినది.

ఐదింటికి మైకులో అధ్యక్షులవారి గొంతు వినబడింది. ముగింపు యాత్ర ఆయన కారుదే.

“గత పన్నెండు మాసములుగా మా వాహనమును ఒక్క మానవ నేత్రము కూడా స్పృశించలేదని సవినయముగా తెలియజేస్తున్నాను. శాస్త్రీయ దృక్పథమే దీనికి కారణము. ఇప్పుడు పూజానంతరము వాహనము బయల్దేరును. ప్రేక్షక మహాశయులందరూ దయచేసి అటు తిరగవలెను.”

ఐదు వేలమంది అటు తిరిగారు. పూజారి గారు కూడా కళ్ళు గట్టిగా మూసుకుని దండలు వేశారు, ఎక్కడ పడితే అక్కడ. గుమ్మడికాయ పగిలిన చప్పుడు వినబడింది. ఇంజను లేచిన చప్పుడు వినబడింది. తర్వాత ఖర్రుమని ఒక చప్పుడు వినబడి అంతా నిశ్శబ్దమైపోయింది.

“ఎవరు?” అని మైకులో కేక. “ఎవరు చూశారు?”

ఎవరూ చూడలేదు. ఐదు వేల వీపులు అలాగే ఉన్నాయి. సుభానీ ఒక్కడే జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి, బానెట్ ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి లాగాడు. గ్రీజులో మునిగిన బంతిపూల దండ బయటికొచ్చింది.

“మళ్ళీ ఇదే సార్. ఫ్యాన్‌కి చుట్టుకుంది.”

“సాంకేతికము,” అన్నారు అధ్యక్షులవారు ఈగని తోలినట్టు చెయ్యి ఊపుతూ. “విఠలేశ్వరరావు గారూ! భారమెంత?”

“సున్నా సార్.”

“అయితే ఎందుకాగింది?”

విఠలేశ్వరరావు గారు టేపు పట్టుకుని అక్కడికక్కడే నేల కొలిచారు. లేచేటప్పటికి ఆయన మొహం వెలిగిపోతోంది. “సార్! నిరుడు నాలుగొందల పన్నెండు ఫోటోలకి పది గజములు కదిలినది. ఈ ఏడు సున్నాకి నాలుగు గజములే. చూపులు తగ్గిన కొలదీ కదలిక తగ్గినది! ఇది అతి భారము కాదు సార్. ఇది దృశ్య లోపము. వాహనమునకు చూపులు చాలలేదు!”

అధ్యక్షులవారు ఆలోచించారు. చాలా తక్కువసేపు ఆలోచించారు. ఐదు నిమిషాల్లో మైకులో కొత్త ఉత్తర్వు చదివేశారు: తక్షణమే కవర్లన్నీ తొలగించవలెను, ప్రతి వాహనమునకూ తక్కువలో తక్కువ నాలుగొందల పన్నెండు ఫోటోలు తీయవలెను, తీయనిదే ఏ వాహనమూ గేటు దాటరాదు.

ప్రవల్లిక విఠలేశ్వరరావు గారి దగ్గరికి పరిగెత్తింది. “సార్, మరి మాకిచ్చిన పత్రం? సున్నా భారం ఫోటోలు సార్ అవి. అది రద్దా?”

“నియమానుసారము రద్దే కావలెను. కానీ పత్రముల విభాగము ఐదింటికి మూసివేయబడినది. మూసిన విభాగమును తెరుచు అధికారము ఎవ్వరికీ ఇవ్వబడలేదు.” ఆయన విచారంగా తలాడించారు. “అది శాశ్వతముగా చెల్లును.”

ఆమె తిరిగొచ్చేసరికి సుభానీ ఫియట్‌ని ఆనుకుని నిలబడ్డాడు. ఒక చేతిలో ధ్రువపత్రం, ఇంకో చేతిలో గ్రీజు కారుతున్న బంతిపూల దండ. తెరిచిన తలుపు మీద సాయంత్రం ఎండ ఇంకా ఉంది. వెనకాల దూరంగా అధ్యక్షులవారి పొడుగాటి కారుని పాతికమంది నెడుతున్నారు.

“ఏమన్నాడు?” అన్నాడు సుభానీ.

“శాశ్వతంగా చెల్లుతుందంట బాబాయ్. ఆ మూడు నల్ల కాయితాలూ!”

ప్రవల్లిక మూత తీసి, చుక్కతో సహా జేబులో కుక్కుకుంది. కెమెరా ఎత్తింది. నవ్వమని చెప్పలేదు. సుభానీ తన చేతిలో దండ వైపు చూశాడు, నెడుతున్న పాతికమంది వైపు చూశాడు, ఒక్కసారిగా పడీ పడీ నవ్వాడు. ఆమె నొక్కింది.

టిక్కుమని పక్కన మిషను చప్పుడైంది.

“ఒకటి,” అన్నాడు ఆనందరావు, దారికి అడ్డంగా నిలబడి. “ఇంకా నాలుగొందల పదకొండు. కానివ్వండమ్మా, మీ వెనక నూట ఎనభై ఒక్క బళ్ళున్నాయి.”

మిగతా నాలుగొందల పదకొండింట్లో సుభానీ నిటారుగానే ఉన్నాడు. నవ్వింది మాత్రం ఆ మొదటిదాంట్లోనే.